గోటి మీద కత్తి

వెనక తలుపు దగ్గర నీడ పడితే కొత్తమ్మాయి తలెత్తి చూసింది.

డెబ్బై ఏళ్ల పెద్దాయన. చేతిలో గుడ్డసంచి. ఎవరినీ అడక్కుండానే చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఆమె ముందు బల్ల మీదున్న కత్తి తీసుకున్నాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

హాస్టలు వంటింట్లో కూరగాయలు తరిగే పనిలో చేరి అది మూడో రోజు. మూడొందల మందికి తరగాలి. పదిన్నరకల్లా అన్నీ పొయ్యెక్కాలి. నెల రోజులు చూసి, పని నచ్చితేనే ఉంచుకుంటానని మేనేజరు ముందే చెప్పాడు. వంటవాళ్లిద్దరూ పొయ్యిల గదిలో ఉన్నారు. ఈ గదిలో తనొక్కతే. ఎదురుగా కత్తి పట్టుకున్న మనిషి.

పెద్దాయన ఆమె వంక చూడనే లేదు. కిటికీ దగ్గరికెళ్లి కత్తి అంచును వెలుతురుకు తిప్పాడు.

"ఇక్కడ తళుక్కుమంటోంది చూశావామ్మా? అంచు మీద వెలుగు నిలిచిందంటే అక్కడ పదును చచ్చినట్టే. మంచి అంచు కంటికి ఆనదు."

తర్వాత తన ఎడమ బొటనవేలి గోటి మీద కత్తిని ఏటవాలుగా, బరువు మోపకుండా ఆనించాడు. కత్తి జర్రున జారింది.



"జారకూడదు. గోటిని పట్టుకుని నిలబడిపోవాలి" అన్నాడు, ఆమె భయం తనకేమీ పట్టనట్టు.

సంచిలోంచి సానరాయి తీసి, నీళ్లు చిలకరించి, నింపాదిగా నూరాడు. మళ్లీ గోటి మీద పెట్టాడు. ఈసారి కదల్లేదు. పాత కాగితమొకటి గాల్లో పట్టుకుని పైనుంచి కిందికి లాగాడు. ఎక్కడా చిరుగు పట్టకుండా గీత గీసినట్టు తెగింది. ఆఖరికి బాగా పండిన టమాటా మీద కత్తిని ఊరికే ఉంచి, నొక్కకుండా వెనక్కి తీశాడు. తొక్క విచ్చుకుంది.

"పదునున్న కత్తి నువ్వు చెప్పిన చోటికెళ్తుంది. మొండిది దానికి తోచిన చోటికెళ్తుంది."

అంతే. పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నూరాల్సిన పని లేకపోయినా నాలుగు కత్తుల్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లేవాడు, గోటి మీద పెట్టేవాడు, కాగితాలు కోసేవాడు. వెళ్లే ముందు మాత్రం ఆమె వైపు తిరిగి, చేతులు చూపించమనేవాడు. పది వేళ్లూ లెక్కపెట్టినట్టు చూసేవాడు.

ఆ చూపు పడగానే ఆమె చేతులు కొంగు చాటుకి తీసుకునేది. పెద్దాయన అడుగుల చప్పుడు వినపడగానే బల్లకి అవతలి వైపుకి జరిగేది. ఇంట్లో చెబితే అత్తగారు ధైర్యం చెప్పడం పోయి, పిచ్చనేది మొహాన రాసి ఉండదు కదా అని ఇంకాస్త భయపెట్టింది. రేపు ఏదైనా జరిగితే, లోపలికెందుకు రానిచ్చావని తననే నిలదీస్తారు. ఉద్యోగం ఉంటుందా?

ఎనిమిదో రోజు పొద్దున్నే మేనేజరు చెవిన వేసింది.

మేనేజరూ ఆ హాస్టలుకి వచ్చి రెండు నెల్లే అయింది. వింటూనే ఒంటికాలి మీద లేచాడు. దారినపోయే మనిషి వంటింటి కత్తులు ముట్టుకోవడమేమిటని అందరికీ కలిపి చీవాట్లు పెట్టి, పెద్దాయన్ని గేటు దగ్గరే ఆపించాడు.

పెద్దాయన గొడవ పడలేదు. ఏం జరుగుతుందోనని బయటికొచ్చిన ఆమె వైపు గేటు ఊచల్లోంచి చూశాడు.

"సరేనమ్మా. ఇక నువ్వే చూసుకో. రోజూ చూసుకో."

ఆ రాత్రి ఆమె కంటినిండా నిద్రపోయింది.

మూడు వారాలు గడిచాయి. పని అలవాటైంది. కత్తిని మునుపటికన్నా గట్టిగా నొక్కాల్సొస్తోందని ఆమె గమనించనే లేదు. చెయ్యి నొప్పి పుడితే, మూడొందల మందికి తరిగితే పుట్టదా అని సరిపెట్టుకుంది.

ఆ రోజు గుమ్మడికాయ. తొక్క రాయిలా ఉంది. బలమంతా పెట్టి నొక్కింది.

కత్తి తొక్క మీద జారి, పక్కకి దూకి, ఆమె ఎడమచేతి రెండు వేళ్ల సందులో బల్లలోకి దిగింది.

వేళ్లు కదిపి చూసుకుంది. ఉన్నాయి. తర్వాత కత్తిని పెరికి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. అంచు పొడవునా తళతళలాడుతోంది. గోటి మీద పెట్టింది. జర్రున జారింది.

ఆమెకు ఏడుపొచ్చింది.

కూరగాయలు తెచ్చి దించే ముసలాయన్ని అడిగితే, రెండు వీధుల అవతల నీలం తలుపుల ఇల్లనీ, ముందు గదిలో అద్దెకుంటాడనీ చెప్పాడు. సాయంత్రం పని కాగానే వెళ్లింది. క్షమించమని ఎలా అడగాలో దారిపొడవునా కూడబలుక్కుంది.

అరవై దాటిన ఆవిడ తలుపు తీసింది. ఆయన పోయి పది రోజులైందని చెప్పింది. జ్వరమేనట. నాలుగు రోజులు కూడా మంచం మీద లేడట.



"హాస్టల్లో కొత్తమ్మాయివి నువ్వే కదూ?" అంది ఆవిడ. "లోపలికి రానివ్వకపోయినా, నువ్వు పని దిగే వేళకి వచ్చి గేటు అవతల నీకు కనపడకుండా ఓ పక్కన నిలబడేవాడు. నీ చేతికి కట్టు లేదని చూసుకుంటే గానీ ఇంటికి వచ్చేవాడు కాదు."

ఆమె తన చేతుల వంక చూసుకుంది.

"ఆయన మీకేమవుతారండీ? అన్నగారా?"

"ఏమీ కాడు తల్లీ" అంటూ ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ చేతికి మూడు వేళ్లే ఉన్నాయి. "ముప్పై ఏళ్ల కిందట ఆ బల్ల దగ్గర తరిగింది నేను. కత్తులు నూరివ్వడం ఆయన పని. ఒకే ఒక్క రోజు, తొందరలో, చూడకుండా ఇచ్చాడు."