నాలుగా, తొమ్మిదా?

"తాతగారూ, మళ్లీ తప్పు అంకె కొట్టారు," అంది పరిశోధక విద్యార్థిని.

కంప్యూటర్ ముందు కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తప్పు కాదమ్మా."

"ఇక్కడ ఉన్నది నాలుగు కదండీ?"

"నాలుగే."

"మరి తొమ్మిదని ఎందుకు కొట్టారు?"

"ఆ రోజు తొమ్మిదే గనక."

ఆమెకు నవ్వాలో విసుక్కోవాలో తెలియలేదు.

యూనివర్సిటీలోని ఆ కృత్రిమ మేధ ల్యాబులో, ఏటికి వచ్చే వరదను ముందే చెప్పే యంత్రాన్ని తయారు చేస్తున్నారు. దానికి పాఠం చెప్పాలంటే ఏటి నీటిమట్టం రాసిన పాత రిజిస్టర్లు కావాలి. చేతిరాతలో ఉన్న ఆ అంకెలను చదివి కంప్యూటర్లోకి ఎక్కించడానికి బయటివాళ్లను పిలిచారు.

పాతికమంది వచ్చారు. అందరిలోకీ చురుకు ఈ పెద్దాయనే. తడిసి అలుక్కుపోయిన అంకెలనూ, వంకర టింకర గీతలనూ ఇట్టే చదివేసేవాడు.

ఎవరెంత శ్రద్ధగా చదువుతున్నారో తెలుసుకోవడానికి ఒక పరీక్ష పేజీ పెట్టారు. అన్ని రిజిస్టర్లలోకీ కుదురైన రాత ఆ పేజీదే. అంకెలు ముత్యాల్లా ఉంటాయి. మధ్యమధ్యలో అది ప్రతివాళ్ల తెర మీదికీ వస్తుంది.

ఆయన తెర మీదికి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ తొమ్మిదే కొట్టాడు.

మూడోసారీ తప్పితే ఆ మనిషిని కంప్యూటరే ఆపేస్తుంది. అప్పటిదాకా చేసిన పనినీ పక్కన పడేస్తుంది.

"ఉన్నది ఉన్నట్టు నాలుగనండి చాలు," ఆమె బతిమాలింది. "మేడమ్‌తో చెప్పి మళ్లీ చేర్పిస్తాను."

పెద్దాయన చాలాసేపు ఆ పేజీ వైపే చూశాడు.

"ఒకసారి అన్నానమ్మా నాలుగని. చాలు."

లేచి, కుర్చీ సర్ది, వెళ్లిపోయాడు.

"చాదస్తం," అన్నాడు పక్క బల్ల మీది కుర్రాడు.

రెండు నెలలకు యంత్రం సిద్ధమైంది. ఎగువన ఎంత వాన కురిసిందో చెబితే, దిగువన ఏరు ఎంత ఎత్తున పారి ఉంటుందో చెప్పేస్తోంది. ముప్పై ఏళ్ల లెక్క రిజిస్టర్లతో సరిపోయింది, ఓ అడుగు అటూ ఇటూగా.

ఒక్క రోజు తప్ప.

రిజిస్టరు నాలుగడుగులంటుంది. యంత్రం తొమ్మిదంటుంది.

"పిచ్చి దానికా, మనకా?" అని ప్రొఫెసరు మేడమ్ జుట్టు పీక్కుంది. "మళ్లీ నేర్పండి."

వారం రోజులు నేర్పారు. పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు అది తొమ్మిదే అంది.

అప్పుడు విద్యార్థిని తేదీ చూసింది. అది ఆ పరీక్ష పేజీ.

"మేడమ్, ఇదే అంకె ఇంకొకరూ చెప్పారు. ఆయన్ని మనం పంపించేశాం."

"ఆయనకెలా తెలుసు?"

"అదొక్కటే అడగలేదండీ."

మర్నాడు పొద్దున్నే ఆ పేజీ నకలు పట్టుకుని, చిరునామా వెతుక్కుంటూ వెళ్లింది. మూడో అంతస్తులో నలభై దాటిన ఒకావిడ తలుపు తీసింది.

"నాన్నగారా? పోయి ఇరవై రోజులైందమ్మా."

విద్యార్థిని చేతిలోని కాగితం చూపించింది.

"ఆయన చెప్పిందే నిజమని చెబుదామని వచ్చానండీ."

ఆవిడ కాగితం అందుకుంది. పైనున్న తేదీ చూసి, అలాగే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఇది నేను పుట్టిన రోజు."

"ఆ రోజు తొమ్మిదని ఆయనకెలా తెలిసిందండీ?"

"మర్నాడు వంతెన స్తంభం మీద బురద గీత చూశారట. దిద్దితే ఉద్యోగం ఊడుతుందని భయపడ్డారట. పోయేముందు చెప్పారు."

"ఏం ఉద్యోగమండీ?"

ఆవిడ ఆ నాలుగును వేలితో మెల్లగా తడిమింది.

"ఈ రిజిస్టర్లన్నీ రాసింది నాన్నేనమ్మా, ఈ ఒక్క రోజే ఏటికి వెళ్లకుండా, నన్ను ఒళ్లో పెట్టుకుని ఇంట్లోనే రాసేశారు."