రొద లేని పెట్టె

"ఎనిమిది వందల పౌండ్లు. ఒక్కటి తగ్గినా ఇవ్వను," అంది డోరీన్, టీ కప్పు కాలిన్ ముందుకు తోస్తూ.

కాలిన్ నవ్వాడు. "సంతలో మీ పళ్ల కొట్టు దగ్గరా ఇంతేగా! యాపిల్‌ని నొక్కి చూస్తే వేళ్లు విరిచేలా చూసేవారు."

"నొక్కేవాడు కొనడు నాయనా. ముప్పై ఏళ్లు అమ్మాను. మనిషి చెయ్యి ఎటు పోతుందో చూస్తే చాలు, మనసు తెలిసిపోతుంది."

మబ్బు పట్టిన పగలు. వంటగదిలో లైటు వెయ్యలేదు. సింకు పక్కన నల్లటి యాంప్లిఫయర్ పెట్టె, దానికి ఆనించి రే గిటారు.

ఇరవయ్యొక్క ఏళ్ల కిందట, వాన కారుతున్న ఒక క్లబ్బు వేదిక మీద, ఆమె మొగుడు రే ఒక చెయ్యి ఈ గిటారు మీద ఉండగానే రెండో చేత్తో మైకు పట్టుకున్నాడు. అంతే, కరెంటు కొట్టి పోయాడు. తాగి తడి చేతులతో వాయించాడని విచారణలో తేల్చి, పెట్టె ఇంటికి పంపేశారు. బీమా సొమ్ము పోయిందంటే ఆమె ఓర్చుకుంది. 'తాగి చచ్చిన రే' అన్న పేరునే ఓర్చుకోలేకపోయింది. రే ఆ రోజు చుక్క ముట్టలేదు. అది చెబితే జనం జాలిగా తలూపేవాళ్లు.

ఏటా పాటల పత్రికలో ప్రకటన వేసేది: 'రే హాడ్లీ యాంప్. ఒక్క మర కూడా మార్చలేదు.' పాత సరుకులో ఆ మాటకే ధర. అయినా ఏ బేరమూ కుదరలేదు.

కాలిన్ అప్పట్లో బ్యాండు సామాను మోసి, తీగలు కలిపేవాడు. ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో పాత వాయిద్యాల కొట్టు పెట్టాడు.

"ఇన్నేళ్లూ రాలేదేం?"

"కాళ్లు రాలేదండీ." వంగి పెట్టె వెనక చూశాడు. "లోపలి గాజు వాల్వులూ అప్పటివే! ఈ రకం పెట్టెలన్నీ తేనెతుట్టెల్లా ఒకటే రొద పెట్టేవి. ఆ రొద చంపడానికి ఎన్ని అడ్డదారులు తొక్కేవాళ్లమో."

"రే పెట్టె మాత్రం చివరి వారం పిల్లిలా చప్పుడు లేకుండా ఉండేది."

"అవును," అన్నాడు కాలిన్, టీ వైపు చూస్తూ.

"మోగించి చూపిస్తా ఉండు." ఆమె ప్లగ్ గోడకి పెట్టి స్విచ్చి నొక్కింది. కుడి చెయ్యి గిటారు తీగల మీద వేసింది. ఎడమ చెయ్యి తడి కొళాయి వైపు జాపింది. వచ్చిన ప్రతివాడి ముందూ ఇలాగే చేసేది. వాళ్లు చెవులు రిక్కించి, మోగడంలేదని పెదవి విరిచి పోయేవాళ్లు.

కాలిన్ చేతిలో కప్పు జారి పగిలింది.

"కొళాయి ముట్టుకోకండి! ఎర్త్ తీగ లేదు దానికి! రొద ఆగాలని ప్లగ్ లోపల తెంపేసి ఎర్ర టేపు చుట్టి..."

టీ అతని బూట్ల కిందికి పాకింది.

డోరీన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. ముందే పీకి ఉంచిన ఇంటి మెయిన్ ఫ్యూజు ఏప్రన్ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"రే పోయాక ఆ ప్లగ్ నేను తప్ప ఎవరూ విప్పలేదు, కాలిన్."