రాజుగారు కాదన్నారు

"పెట్టను," అన్నాడు రాజు.

ప్రధానమంత్రి ఇలారీ కొస్తాకె కాగితాన్ని మళ్లీ ముందుకు తోశాడు. అది శాసనసభ రద్దు ఉత్తర్వు. కింద అప్పటికే తన సంతకం ఉంది. పక్కన రాజు సంతకం పడితే చాలు, ఇక తిరుగులేదు. మధ్యాహ్నం మూడింటికి సభలో అవిశ్వాస తీర్మానం. బ్రుస్తా వంతెన కూలి నలభై ఒక్క మంది పోయాక సొంత పార్టీవాళ్లే మొహం చాటేశారు. ఓటింగ్ జరిగితే పదవి ఊడడం ఖాయం. సభే లేకపోతే ఓటింగే ఉండదు.

"ఎన్నికలు జరిగి ఏడాది కాలేదు కదయ్యా!" రాజు గొంతు పెంచాడు. "నీ కుర్చీ కోసం జనాన్ని మళ్లీ వరసల్లో నిలబెట్టమంటావా?"

"తమరి అభిప్రాయం ఎవరడిగారు ప్రభూ?"

కొస్తాకెకి ఒళ్లు మండిపోతోంది. రాజు కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ గదిలో అలా ఎవరూ ఎన్నడూ కూర్చోలేదు.

"రాజు తప్పు చేయడని రాజ్యాంగంలో రాసుంది. ఎందుకో తెలుసా? రాజు అసలు ఏమీ చేయడు గనక! చేసేది మేము, మాట పడేది మేము. తమరు నాణెం మీద బొమ్మ."

"బొమ్మ కాదంటే?"

"కాదంటే సాయంత్రం చౌరస్తాలో నిలబడి చెప్తా, రాజు రాజ్యాంగాన్ని కాలరాశాడని. తమ తాతగారిని రైలెక్కించి దేశం దాటించింది ఆ చౌరస్తా జనమే. పెట్టె సర్దుకోండి మరి."

రాజు మొహం జేవురించింది. "నా మాట విను కొస్తాకె. బతిమాలుతున్నాను. సభ జోలికి పోకు, తర్వాత ఏడుస్తావు."

రాజు బతిమాలడం! కొస్తాకెకి విందు తిన్నంత సంబరమైంది.

"సంతకం," అన్నాడు.

రాజు విసురుగా గీకి, కాగితం అంగరక్షకుడి చేతికిచ్చాడు. కాసేపటికి కోట బురుజు మీద ఫిరంగి పేలింది. సభ రద్దయిందని ఊరంతటికీ తెలిసిపోయింది. కొస్తాకె టోపీ పెట్టుకుని, సెలవు కూడా తీసుకోకుండా వెళ్లి తలుపు తీశాడు.

బయట బెంచీ మీద ప్రభుత్వ ప్రాసిక్యూటరు, ఇద్దరు పోలీసులు. వాళ్ల పక్కన తాగేసిన కాఫీ కప్పులు అరడజను. ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"బ్రుస్తా వంతెన కేసండీ. మాతో రావాలి," అన్నాడు ప్రాసిక్యూటరు.

"నోరు ముయ్!" కొస్తాకె గర్జించాడు. "నేను శాసనసభ సభ్యుణ్ణి. నా మీద చెయ్యి వెయ్యాలంటే సభ అనుమతి కావాలి. ఏదీ, చూపించు!"

వెనక నుంచి రాజు తాపీగా అడిగాడు.

"ఏ సభ, కొస్తాకె?"