బెంచీ కింద తాత

"పార్కు ఎలా ఉంది డోంకా?" బెంచీ మీద కూర్చుని, కాళ్లు బారజాపి అడిగాడు మేయర్ వెల్కో.

నాకు ఒళ్లు మండిపోయింది. మా తాత ఈ దేశానికి ప్రధానిగా చేసిన మనిషి. ఆయన సమాధిని కాపాడతామనే వంకతో, మాతో ఒక్క మాటైనా చెప్పకుండా, అది ఉన్న చోటే పార్కు కట్టారు. చూపుకి బాగుంటుందని సమాధి మీది రాయిని పెరికి తెచ్చి పార్కు నట్టనడుమ పాతారు.

"రాయిని తెచ్చావు సరే. మరి మనిషినో?"

"పోయినవాళ్లకి ఎక్కడైతే ఏంటి? చీకటి పడింది, వైన్ పోసేసి ఇంటికి పో."

సమాధి మీద వైన్ పోయడం మా ఆచారం. మట్టి పీల్చుకుంటే పెద్దలు తాగినట్టు. రాయి ముందు సీసా వంచాను. చుక్క కూడా ఇంకలేదు. ఎర్రటి ధార మెల్లగా కదిలింది. బెంచీ వైపు నేల ఎత్తుగా ఉంటుంది. అయినా ఆ ఎత్తు ఎక్కుకుంటూ తిన్నగా బెంచీ దాకా పోయింది.

వెల్కో బూట్ల కింద ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు.

అతను కాళ్లు ఎత్తబోయాడు. నేల వదల్లేదు.

"డోంకా, ఇంకా ఉందా వైన్? పొయ్యి, తొందరగా."

సీసా సగం నిండుగానే ఉంది. బిరడా బిగించాను.

"అయిపోయింది. నువ్వేగా ఇంటికి పొమ్మన్నావు."