ఆరో వచనం

ఎంకమ్మ ఎక్కడ తడబడుతుందా అని సత్యమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. తడబడితేగా! బైబిల్లోని నూట మూడో కీర్తనను మేకపిల్లల్ని తోలినట్టు చకచకా తోలేస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

చెప్పులు కుట్టే భీమయ్య కూతురు. కిందివాడ పిల్ల. బాప్తిస్మం పుచ్చుకొని ఏడాదైనా కాలేదు. అట్లాంటిది ఇవాళ చర్చిలో నాపరాళ్ల మీదికి వచ్చి నిలబడింది!

ఆ చర్చిలో ముందు సగానికే తాండూరు నాపరాళ్లు పరిచారు. వాటి మీద పైవాడ వాళ్లు కూర్చుంటారు. గుమ్మం వైపు మట్టినేల కిందివాడ వాళ్లది. ఎవరూ గీత గీయలేదు. ఎవరూ దాటనూ లేదు. ఊళ్లోవాళ్లు రెండు వాడలనూ ఒకే దూరంలో ఉంచుతారన్న సంగతి చర్చి లోపలికి రాగానే పైవాడ మరిచిపోతుంది.

కొత్తగా వచ్చిన పాస్టరుగారే ఈ తంటా తెచ్చిపెట్టారు. అక్షరాలు వచ్చినా రాకపోయినా సరే, కీర్తన తప్పుల్లేకుండా ఒప్పజెప్పిన పిల్లకు వికారాబాద్ బోర్డింగ్ బడిలో సీటు ఇప్పిస్తామన్నారు. ఉన్నది ఒక్కటే సీటు. సంఘపెద్ద జంగప్ప కూతురు సత్యమ్మకు అది రాసిపెట్టి ఉన్నట్టే అనుకున్నారు అందరూ. ఆమె తల్లి గోవిందమ్మ రేకుపెట్టెకు రంగు కూడా వేయించింది.

"అయిదు," అని లెక్కపెట్టుకుంది సత్యమ్మ.

ఎంకమ్మ తర్వాత తన వంతే. దీనికి ఎవరో చాటుగా నేర్పుతున్నారు. పక్కన కూర్చోబెట్టుకొని, ఒక్కో వచనం నాలుగేసిసార్లు చెప్పి, ఎంత ఓపికగా నేర్పారో! తనకు అట్లా ఎవరున్నారు? మూడు నెలలు పెరటిగోడకు ఆనుకొని, తెల్లవారకముందే ఒక్కతే గొంతు చించుకుంది. తను మొదలుపెట్టగానే గోడ అవతల కిందివాడలో తోలు దంచే చప్పుడు ఆగిపోయేది. "చూసినవా, మనమంటే ఎంత భయమో!" అని గోవిందమ్మ మురిసిపోయేది. అంతే తప్ప, పక్కన కూర్చొని తప్పు దిద్దినవాళ్లు లేరు.

ఎంకమ్మ ఏడో వచనం ఎత్తుకుంది.

సత్యమ్మ ఉలిక్కిపడింది. అయిదు తర్వాత ఏడు!

ఇరవై రెండోది కూడా అయ్యాక పాస్టరుగారు కళ్లు తెరిచారు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఒక్కటే ఇడిసిపెట్టినవ్, ఆరోది. అణిగిపోయినోళ్లకు దేవుడు న్యాయం చేస్తడు అని ఉంటది అండ్ల. అసలు ముచ్చటే అది."

సత్యమ్మ లేచి నిలబడింది. "అయ్యగారూ, అది నా పుస్తకం చూసి నేర్చుకున్నది!"

"ఎట్ల చెప్తవమ్మా?"

సత్యమ్మ పుస్తకం తెరిచి చూపించింది. ఎప్పుడో దీపం ఒరిగి పడి కాలిన బొటనవేలంత చిల్లు. ఆరో వచనం ఉండవలసిన చోట అవతలి పేజీ కనిపిస్తోంది. "ఈ చిల్లు మా పుస్తకంల తప్ప ఇంకెవ్వరి దాంట్ల లేదు. రెండు దినాలు ఇది మా పెట్టెల కనవడలే కూడ."

పుస్తకం తన చెయ్యి దాటి ఎన్నడూ పోలేదని సత్యమ్మకు తెలుసు. అయినా ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక హాయిగా కూడా అనిపించింది.

"దొంగపోరి!" జంగప్ప గర్జించాడు. "నాపరాళ్ల మీదికి రానిస్తె ఇండ్లల్లకు గూడ వస్తరు వీళ్లు!"

"తోలు నానవెట్టే చేతులతోని పుస్తకం ముట్టిందా!" గోవిందమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మట్టినేల మీది నుంచి భీమయ్య లేచాడు. తలపాగా చేతిలోకి తీసుకున్నాడు. "పెద్దా, మా పోరి మీ గడప తొక్కలే. ఒకవేళ తెచ్చిందే అనుకో, చూసి చదివి చెప్పేటోడు మా వాడల ఎవడున్నడు? బాప్తిస్మం నాడు మా అందరి ఏలిముద్రలు వెట్టించుకున్నది నువ్వే గద!"

జంగప్ప పాస్టరుగారి వైపు తిరిగాడు.

పాస్టరుగారు తన పుస్తకం తెరిచి ఎంకమ్మ చేతికిచ్చారు. ఎంకమ్మ దాన్ని రెండు అరచేతుల మీదా ప్రసాదంలా పట్టుకుంది. పేజీని పై నుంచి కింది దాకా చూసింది.

"నాకు అచ్చరాలు రావు అయ్యగారూ."

"మరి ఇన్ని వచనాలు నీకు నేర్పినోళ్లెవరు? చెప్పు, భయపడకు."

ఎంకమ్మ తలవంచుకుంది. సత్యమ్మ మెడ చాచింది. ఆ చాటు పంతులు ఎవరో ఇప్పుడు బయటపడాలి. ఎవరైనా సరే, ఇంతమందిలో సిగ్గుతో చావాలి.

ఎంకమ్మ మెల్లగా చెయ్యెత్తి సత్యమ్మ వైపు చూపించింది.

"సత్తెమ్మక్కనే అయ్యగారూ. పొద్దుగాల అక్క సదువుతుంటే గోడ పొంట కూసొని ఇంటుంటి. నాకు ఇనవడాలని మా నాయిన తోలు దంచుడు ఆపుతుండె. గా ఆరోది మాత్రం అక్క ఎన్నడు సదువలే."