తిండిపోతు తాత

"అమ్మాయ్, ఇంకో గరిటె!"

కంచం చాపిన ముసలాయన్ని చూసి వంటావిడకి ఒళ్ళు మండింది.

మిల్లులో పనిచేసే తల్లుల పిల్లలకి అన్నం పెట్టే గది అది. ఈ పెద్దమనిషి ఎవరో, ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో తెలీదు. కొన్నాళ్ళుగా సరిగ్గా భోజనాల వేళకి దిగుతున్నాడు. ఆవిడ ఆయనకి ‘తిండిపోతు తాత’ అని పేరు పెట్టేసింది.

పోనీ, ఓ మూల కూచుని తింటాడా? వెళ్ళి వెళ్ళి పిచ్చుక పక్కనే చేరతాడు.

పిచ్చుక అన్నదీ ఆవిడ పెట్టిన పేరే. మూడేళ్ళ పిల్ల, ఏడాది పిల్లలా ఉంటుంది. తల్లి పొద్దున్నే టీలో బిస్కెట్టు ముంచి దాని నోట్లో పెట్టి మిల్లుకి పరిగెడుతుంది. పిల్లకి ఆకలే చచ్చిపోయింది. ఈసారి కూడా బరువు పెరక్కపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని నర్సమ్మ చెప్పేసింది. పిల్ల పక్కన కూచుంటే తల్లి ఉద్యోగం ఊడుతుంది. ఆ దిగులు వంటావిడకే ఎక్కువ.

అలాంటి పిల్ల కంచం మీదికి వంగి, "ఆ ముద్ద నాదే!" అంటూ నోరు తెరిచాడు తాత.

వంటావిడ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"పసిదాని నోటి దగ్గర కూడు లాక్కుంటారా? సిగ్గు లేదూ! రేపట్నుంచి ఈ గడప తొక్కారంటే ఊరుకోను!"

తాత నవ్వాడు.

"నీ చేతి వంట అలాంటిదమ్మా," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పిచ్చుక గుమ్మం కేసే చూస్తూ కూచుంది. ఎంత బతిమాలినా నోరు తెరవలేదు.

అంతలో నర్సమ్మ వచ్చి పిల్లని తూకానికెక్కించింది.

"అక్కా, పెరిగింది! బాగా పెరిగింది!"

వంటావిడకి కాళ్ళు నేల మీద నిలవలేదు. పిల్లని ఎత్తుకుని ముద్దులాడింది.

"నా వంట ఒంటబట్టిందే, బంగారం!"

"తాత తినేస్తాడుగా," అంది పిచ్చుక. "అందుకే గబగబా తినేశా. తాత కంచంలోది కూడా నేనే తినేశా!"

వంటావిడ కళ్ళు గుమ్మం కేసి తిరిగాయి.

నర్సమ్మ పకపకా నవ్వింది. "చిన్నప్పుడు నా చేత కూడా మా నాన్న ఇలాగే తినిపించేవాడు. ఇంకా కొన్నాళ్ళుంటానన్నవాడు, ఎందుకో పొద్దున్నే బస్సెక్కేశాడు. పిచ్చుక బరువెంతో ఫోన్ చేసి చెప్పమన్నాడు."

"ఆ తిండిపోతు... మీ నాన్నగారా?"

"ఏం తిండిపోతు అక్కా! ఆపరేషనయ్యాక పల్చటి జావ తప్ప ఏదీ మింగలేడు, నీ వంట వాసన మాత్రం రోజూ కడుపునిండా పీల్చుకొస్తున్నానని చెప్పేవాడు."