ఫ్యామిలీలకు మాత్రమే

"ఫ్యామిలీయేనా అండి?"

పడవ ఇంకా రేవుకు తగలకముందే పల్లంరాజు గారు అడిగిన మొదటి ప్రశ్న అది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. రేవు ఆయన సొంతం. తాడు ఆయన చేతిలోనే ఉంది. జవాబు నచ్చితే కడతారు, లేకపోతే తిరిగి పడవలోకి విసిరేస్తారు.

ఉదయ్‌భాస్కర్ నోరు తెరిచేలోపు సుప్రియ పడవ అంచు దాకా వచ్చి నిలబడింది. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, "నమస్కారమండీ రాజుగారూ" అంది.

రాజుగారి ముఖం కాస్త తేటపడింది. తాడు కట్టలేదు గానీ, విసిరెయ్యనూ లేదు.

యానాం దిగువన గౌతమి పాయలో తెరచాప పడవ పెట్టుకుని, అందులోనే ఉంటానంటే నవ్వేవాళ్లే ఎక్కువ. ఉదయ్‌భాస్కర్ ఓడల్లో ఇంజనీరుగా చేసి, ఉన్న ఫ్లాట్ అమ్మి ఈ పడవ కొన్నాడు. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, కాలు చాపితే తలుపుకు తగిలే బాత్రూమ్. అతనికున్న ఇల్లూ వాకిలీ అదే.

పొద్దుటి నుంచి ఇద్దరూ రెండు రేవులు చూశారు. ఒకచోట గట్టు కోసుకుపోతోంది. రెండోచోట రాత్రిళ్లు మనుషులు ఉండకూడదన్నారు. ఇక మిగిలింది ఇదొక్కటే. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. సాయంత్రానికి వరద ఇక్కడికి వచ్చేస్తుంది. ఈలోపు గట్టి చోట కట్టకపోతే పడవ సముద్రంపాలే.

"ఒంటరి మగాళ్లకి ఇవ్వడం మానేశానండి" అన్నారు రాజుగారు. "కిందటేడు ఒకాయన ఉండేవాడు. మంచివాడే. నీళ్లలో పడిపోతే రెండ్రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. ఆ పాపం నాకెందుకు?"

ఆ మాటకు సుప్రియ మొహం పాలిపోయింది. రేవు మీదకు దిగి సిమెంటు స్తంభాన్ని చేత్తో ఊపి చూసింది. మెట్ల మీద నాచు ఉందని చెప్పులు విడిచి మరీ చూసింది. గట్టు మీద ఇంట్లోంచి రాజుగారి తల్లి చిట్టెమ్మ గారు వస్తే, ఆవిడకు ఎదురెళ్లింది.

"మామ్మగారూ, మీ ఇంట్లోంచి ఈ పడవ కనిపిస్తుందా అండి?"

"వంటింటి కిటికీలోంచి కనిపిస్తుందమ్మా."

"పొద్దెక్కినా తలుపు తియ్యకపోతే ఎవరైనా వచ్చి పిలుస్తారా?"

"ఏంటమ్మా అంత భయం?"

"ఈయనకి షుగరండి. మాత్ర మర్చిపోతారు. గుర్తుచేస్తే కోప్పడతారు. అయినా గుర్తుచెయ్యాలి."

చిట్టెమ్మ గారు ఆమె మెడలో నల్లపూసలు చూసి ముచ్చటపడ్డారు. "పెళ్లెక్కడ చేసుకున్నారమ్మా?"

"ద్రాక్షారామం గుళ్లోనండి. పద్దెనిమిదేళ్లవుతుంది."

అంతా కుదిరినట్టే ఉంది. రాజుగారు తాడు స్తంభానికి చుట్టబోయారు. అప్పుడు అన్నారు చిట్టెమ్మ గారు: "కొత్త చోటు కదమ్మా. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పాలు పొంగించండి. ఆ తర్వాతే ముడి వేస్తాడు మావాడు."

సుప్రియ గబుక్కున వెనక్కి జరిగింది.

"అది మాత్రం నా వల్ల కాదండి."

రాజుగారు తాడు చుట్ట చుట్టడం మొదలుపెట్టారు.

"ఈ అమ్మగారికి ఇష్టం లేదండి. ఇష్టం లేని మనిషి చేత నీళ్ల మీద కాపురం పెట్టించకూడదు. ఇంకో చోటు చూసుకోండి."

ఇంకో చోటు లేదు. అది అక్కడున్న నలుగురికీ తెలుసు. పాయలో నీళ్లు అప్పటికే ఎరుపెక్కాయి. కొబ్బరి మట్టలూ, ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ కొట్టుకుపోతున్నాయి. పడవ గుంజుకుంటోంది.

"పోనీలే సుప్రియా" అన్నాడు ఉదయ్‌భాస్కర్. "నిన్ను ఇంతదూరం తీసుకురావడమే నా తప్పు. సముద్రం నాకేం కొత్తా?"

నవ్వబోయాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది. చదువుకునే రోజుల్నుంచీ ఇంతే ఈ మనిషి. మునిగిపోతున్నా నోరు తెరిచి ఒక్క మాట అడగడు.

"జరగండి" అని అతన్ని తోసుకుంటూ పడవ లోపలికి వెళ్లింది.

పొయ్యి వెలిగించింది. గిన్నెలో పాలు పోసింది. చిట్టెమ్మ గారు వెనకే వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టారు. సుప్రియ జానెడు ఎడంగా కూర్చుంది.

"దగ్గరికి జరగమ్మా. కొత్త పెళ్లికూతురిలా ఏంటా సిగ్గు?"

సుప్రియ కళ్లు మూసుకుని జరిగింది. పాలు మరిగి, పైకి లేచి, ఒక్కసారిగా గిన్నె అంచు దాటి పొయ్యి మీదకు పొర్లాయి.

చిట్టెమ్మ గారు ఆమె నుదుట కుంకుమ దిద్దారు. "నీ పసుపు కుంకుమలు చల్లగా ఉండాలి తల్లీ."

సుప్రియ వంగి ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టి, లేవడానికి కాస్త ఎక్కువసేపే తీసుకుంది. ఏడుస్తోందని ఉదయ్‌భాస్కర్‌కు అర్థమైంది. చెయ్యి చాపబోయి ఆగిపోయాడు.

బయట రాజుగారు ఒకటికి రెండు తాళ్లు బిగించారు. వరద లాగింది. పడవ కదల్లేదు. తల్లీకొడుకులు సంతోషంగా గట్టెక్కి వెళ్లిపోయారు.

సుప్రియ పొయ్యి మీద పాలు తుడిచింది. మాత్రల డబ్బా తీసి టీ కప్పు పక్కన, కంటికి కనిపించేలా పెట్టింది.

"నువ్వు గనక రాకపోయుంటే..." అన్నాడు ఉదయ్‌భాస్కర్.

ఆమె హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుంది.

"చెప్పే వచ్చాను గానీ, చీకటి పడితే మా ఆయన కంగారుపడతారు, ఇక నేను సామర్లకోట వెళ్తాను" అంది సుప్రియ.